నా చేత్తోనే కడతాను

1943 జనవరి 9, మదనపల్లె

కన్వెన్షన్ కూటాల్లో ఇవాళ నా పూసల దండల్ని బల్ల కింద పెట్టించారు.

పందిరి పక్కన స్త్రీల సమాజం వాళ్ళు అమ్మకానికి బల్ల వేశారు. దాని మీద లేసులు, పూలు కుట్టిన చేతిరుమాళ్ళు, జామపండ్ల జెల్లీ సీసాలు. చివర్లో మిగిలిన జానెడు చోటులో నా దండలు పరిచాను. సీతాఫలం గింజలతో చేసినవి కొన్ని, మధ్య మధ్య గురివింద గుచ్చినవి కొన్ని. యుద్ధం మొదలయ్యాక ఓడల్లో గాజుపూసలు రావడం మానేశాయి, అంగళ్ళలో వెతికినా దొరకడం లేదు. పొద్దున్నే ఇద్దరు నర్సమ్మలు వచ్చి నా దండలు చేతుల్లోకి తీసుకుని చూశారు. గింజలంటే నమ్మలేదు. నానబెట్టి, ఎండబెట్టి, కాల్చిన దబ్బనంతో తొలిచి, ఆముదం రాసి గుడ్డతో రుద్దితే అలా మెరుస్తాయని చెప్పాను. తొలిచేటప్పుడు పొడి కంట్లో పడితే నిప్పు పడ్డట్టే ఉంటుందని కూడా చెప్పాను. ఒకామె కొనబోతుండగా మా గుడి పాస్టరు జయరత్నం అయ్యగారు వచ్చారు.

"అమ్మా దెబోరా, ఈడ దేవుని పని జరుగుతాంది. అలంకారాలు అమ్మేదానికి ఇది సంత కాదు."

"లేసు అలంకారం కాదా అయ్యగారూ?"

"అది రవికెకు కుట్టేది. ఇది మెడకు కట్టేది. మన ఆడవాళ్ళు మెడకేమీ కట్టరని నీకు తెలీదా?"

తెలుసు. మా అవ్వ మతంలో కలిసిన రోజు తాళి, గాజులు, బొట్టు అన్నీ తీసి పక్కన పెట్టిందట. అప్పటినుంచి మా ఇంట్లో ఎవరమూ వేసుకోలేదు. నేను వేసుకుంటానని అన్నానా? చేసి అమ్ముతానన్నాను.

ఆయన కోటు జేబు దగ్గర వెండి గొలుసు గడియారం తళతళలాడుతోంది. గురివింద గింజ తన కింద నలుపెరగదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. మింగింది అరగక ఇక్కడ రాస్తున్నాను.

జనవరి 10

మధ్యాహ్నం మా ఆయన్ని చూసి వచ్చాను. స్కూల్లో పాఠం చెబుతూ రక్తం కక్కి, క్షయ అని శానిటోరియంలో చేరి ఇది రెండో ఏడు. వరండాలో వరుసగా మంచాలు, ఆయనది వేపచెట్టు వైపు. నేను దూరంగా వేసిన స్టూలు మీదే కూర్చోవాలి. అది అక్కడి రూలు.

"మొగం యాల అట్ల పెట్టుకోనుండావు?" అన్నారు.

జరిగింది చెప్పాను. నవ్వారు. దగ్గు వచ్చింది గానీ కొంచెమే.

"పుంగనూరు తిరునాళ్ళకు పో. ఆడగూడా దేవుని పనే జరిగేది. పూసలమ్మేవాళ్ళను ఎవురూ బల్ల కింద పెట్టరు."

"సంఘమేమంటాది?"

"ఏమన్నా అంటే నా పేరు సెప్పు. నా మొగుడు పొమ్మన్యాడని సెప్పు. మంచం మీద పండుకోనుండే మొగుడు దానికన్నా పనికి రావల్ల గదా."

పైవారం గింజలు, దారం, సూది తెమ్మన్నారు. ఊరికే పడుకుని విసుగుగా ఉందట, తనూ ఒక దండ గుచ్చుతారట. జ్వరం తగ్గింది. మంచం దగ్గరి చార్టు నేను చూడలేదు, మొహం చూస్తేనే తెలుస్తోంది.

ఫిబ్రవరి 12, పుంగనూరు

ఈ సంగతి వేడిగా ఉన్నప్పుడే రాయాలి.

పెట్రోలు లేక బొగ్గుతో నడుస్తున్న బస్సు. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్ళు దిగి తోశారు. తిరునాళ్ళలో గాజుల గోవిందమ్మ అనే ఆమె పక్కన చోటు దొరికింది. ఆమె భుజం మీద గాజుల మలారం, నోట్లో వక్కాకు. వచ్చిన ఆడవాళ్ళనందరినీ వరసలు పెట్టి పిలుస్తుంది. చెయ్యి పట్టుకుని, నొక్కి, మాటల్లో పెట్టి, నొప్పి తెలిసేలోపల గాజులు ఎక్కించేస్తుంది. నేను గుడ్డ పరిచి దండలు పెట్టుకుని కూర్చున్నాను.

కొనేవాళ్ళు రాలేదని కాదు, వచ్చారు. ఒకామె దండ తీసి కూతురి మెడకు పెట్టి చూసింది, చాలా ముచ్చటపడింది. తరువాత నా వైపు చూసింది. నా నుదురు, నా మెడ, నా చేతులు వరుసగా చూసింది. దండ మళ్ళీ గుడ్డ మీద పెట్టి కూతుర్ని లాక్కుపోయింది. ఇంకొకామె వచ్చింది, అలాగే చూసింది. మూడో ఆమెకు నేను దండ చేతికి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది.

"కింద పెట్టమ్మా. నేను తీసుకుంటా."

నాకు అర్థం కాలేదు. పెట్టాను. పెట్టాక కూడా ఆలోచించి, వద్దులే అని వెళ్ళిపోయింది.

గోవిందమ్మ వక్కాకు ఉమ్మి నా వైపు తిరిగింది. "నీకు మొగుడు పోయి ఎంతకాలమాయ తల్లీ?"

"ఎవురు పోయింది? మా ఆయన ఉండాడు. మదనపల్లెలో ఉండాడు."

"ఉంటే ఆ బోడి మెడేంది, బోడి నుదురేంది? కిరస్తానమా? అయ్యో నా తల్లీ. ఈళ్ళకు అదేం తెలుసు, నిన్ను ముండమోసిందనుకుంటాండారు. శుభమా అని మెడకేసుకునేది ముండమోసిన చేత్తో ఎవురన్నా తీసుకుంటారా? నగలమ్మేదానికి మెడే అంగడి. నీ అంగడి మూసిపెట్టుకోని సరుకు పరిస్తే ఎట్ల?"

ఆమె తిట్టలేదు. జాలిపడింది. తిడితేనే నయం.

ఒక్క దండా అమ్ముడుపోలేదు. అన్నీ మూట కట్టుకున్నాను. నేను ముండమోసినదాన్నట. వేపచెట్టు వైపు మంచం మీద కూర్చుని ఆయన నా కోసం గింజలు గుచ్చుతుంటే నేను ముండమోసినదాన్నట. వాళ్ళలో ఒక్కదాన్నయినా బస్సెక్కించి తీసుకుపోయి చూపించాలి.

ఫిబ్రవరి 13

గింజల పొడి కళ్ళలో పడింది. చాలాసేపు మండాయి.

ఫిబ్రవరి 21

అన్నీ అమ్ముడుపోయాయని ఆయనకు చెప్పాను. నమ్మారు. నమ్మకపోతే నమ్మినట్టు ఉన్నారు.

ఆయన దండ పూర్తయింది. వార్డులోంచి ఏది బయటికి పోవాలన్నా ఉడకబెట్టాలని నర్సమ్మ దాన్ని మరిగే నీళ్ళలో వేసి తీసి ఇచ్చింది. గింజల మెరుపు పోయింది. మొదట్లో పనితనం బాగుంది, గింజకూ గింజకూ మధ్య ముడి, నడుమ నడుమ గురివింద. సగం దాటాక ముడులు వదులయ్యాయి, గురివిందలు ఒకచోట రెండు కలిసి వచ్చాయి, ఒకచోట అసలు లేవు.

"ఏమి మాస్టరూ, ఇది నా అంగట్లో పెడితే పరువు పోతాది," అన్నాను.

"అది అమ్మేదానికి కాదు. నీకు. ఒగసారి ఏసుకో, సూస్తా."

అటూ ఇటూ మంచాల మీద మా సంఘం వాళ్ళే ఇద్దరున్నారు. మళ్ళీ వచ్చినప్పుడు వేసుకుంటానన్నాను. ఆయన తల ఊపారు. తొందరేముంది?

మార్చి 27, పుంగనూరు

గంగ జాతర. ఈసారి గోవిందమ్మ దగ్గరికి నేనే వెళ్ళి నుదురు ముందుకు పెట్టాను.

"పెట్టక్కా."

"మీ దేవుడు ఏమనుకోడా?"

"మా దేవునికి మా ఆయన బతికుండాడని తెలుసు. తెలీంది మీ ఆడోళ్ళకే. వాళ్ళకు సెప్పేదానికి పెట్టు."

ఆమె పకపకా నవ్వి కుంకుమ పెట్టింది, తన మలారంలోంచి తీసి గాజులు ఎక్కించింది. చెయ్యి నొప్పెట్టింది. నా దండే ఒకటి తీసి నా మెడలో వేసింది. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. అయినా అంగడి తెరిస్తివి, పో."

అంతే. సాయంత్రానికి గుడ్డ ఖాళీ అయింది. ఎవరి చేతికీ దండ ఇవ్వలేదు నేను. గోవిందమ్మ గాజులు తొడిగినట్టే నేనూ వాళ్ళని వెనక్కి తిరిగి కూర్చోమని, కొప్పు కొంచెం పైకెత్తి, నా చేత్తోనే కట్టాను. చెమట పట్టిన మెడలు, నూనె కారుతున్న మెడలు, పసుపు రాసిన మెడలు. ముడి వేసి వేలితో దండ సర్దగానే ప్రతి ఆడదీ ఒక క్షణం తల నిటారుగా పెడుతుంది. అది చూడటానికి జాతరకు వెళ్ళవచ్చు. ఇంత సంతోషంగా నేను పెళ్ళయిన రోజు కూడా లేను. ఆ రోజు భయంగా ఉండింది.

"మీ ఆయన ఏం జేస్తాడు?" అని ఒకామె అడిగింది.

"స్కూలు మాస్టరు."

చేస్తాడనీ అనలేదు, చేసేవాడనీ అనలేదు.

బస్సులో బొట్టు తుడిచేశాను. బస్సెక్కకముందే దండ తీసేసి, గాజులు గోవిందమ్మకు తిరిగి ఇచ్చేశాను.

మార్చి 28

కుంకుమ అంత సులభంగా పోదని నాకెలా తెలుస్తుంది? గుళ్ళో ముందు వరుసలోని ఆడవాళ్ళు వెనక్కి తిరిగి తిరిగి చూశారు.

శానిటోరియానికి వెళ్ళేసరికి ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. తెరిచి మొదట చూసింది నా నుదురే.

"ఏందది, ఎర్రగా?"

మొత్తం చెప్పాను, ముండమోసిన మాటతో సహా. ఆయన నా నుదురు మళ్ళీ ఒకసారి చూశారు.

"అయితే నేను బతికుండానని జాతరంతా సాటింపు ఏసినావన్నమాట. బాగుండాది. ఇంగొంచెం పెద్దది పెట్టుకోవాల్సింది."

తరువాత నిద్రపోయారు. నేనున్నంతసేపూ నిద్రపోయారు. నిద్ర మంచిదే అని డాక్టర్లే అంటారు.

ఏప్రిల్ 2

జయరత్నం అయ్యగారు పిలిపించారు. కుర్చీ వేయించి కూర్చోమన్నారు. కుర్చీ వేయించారంటే మాట పెద్దదన్నమాట.

"నువ్వు బొట్టు పెట్టుకోని గంగ జాతరలో కూచ్చున్యావంట."

"అవును అయ్యగారూ."

"అబద్ధమని అంటావనుకున్యా."

"యాల అంటాను? మా ఆయన ఉండాడని సెప్పేదానికి వాళ్ళ భాష అదొక్కటే. ఆ భాషలో సెప్పినాను."

తాడిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారమ్మా, అన్నారు ఆయన. తాగింది పాలేనని ఆయన నోటితోనే అనిపించాను కదా, అదొక తృప్తి. ఆడపిల్లల హాస్టల్లో మేట్రను పని ఇప్పిస్తానన్నారు. గౌరవమైన పని. ఆదివారం సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుని, పూసలు మానేస్తానని చెబితే చాలట. చెప్పకపోతే ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకునే దగ్గరికి, నన్ను రానివ్వరు.

ఆయన చెడ్డవాడు కాడు. మా ఆయన చేరిన రోజు శానిటోరియం దాకా బండి వెంట నడిచింది ఆయనే. అందుకే ఇంకా కోపంగా ఉంది.

"బొట్టు మీకు తప్పయితే ఇంగ పెట్టుకోను. పూసలు మాత్రం మానను. దేవుడు సీతాఫలం పండులో అన్ని గింజలు పెట్టింది ఉమ్మేసేదానికేనా?"

లేచి వచ్చేశాను. వెనక్కి తిరిగి చూడలేదు.

ఏప్రిల్ 11

ఆయన మంచం మార్చారు. వరండా చివర ఒక్కరే ఉండే గది. అక్కడ గాలి బాగా వస్తుందట. కిటికీ పెద్దది.

దండ వేసుకుని చూపిద్దామని కొంగులో కట్టుకుని వెళ్ళాను. మాట్లాడే ఓపిక లేదు, పడుకోనివ్వమని నర్సమ్మ అంది. గుమ్మం దగ్గరే నిలబడి వచ్చేశాను. ఇంటికి వచ్చాక గింజలు తొలిచాను. పొడి కళ్ళలో పడింది.

ఏప్రిల్ 14

ఇవాళ గంజి తాగారట.

ఏప్రిల్ 19

సత్యానందం.

ఆ పేరు ఆయన ముందు ఎప్పుడూ అనలేదు. ఈ పుస్తకంలో కూడా రాయలేదు.

ఏప్రిల్ 22

మొన్న సమాధి దగ్గర జయరత్నం అయ్యగారు బాగా ప్రార్థన చేశారు. కాదనను. మనసులోంచి చేశారు. అంతా వెళ్ళిపోయాక దగ్గరికి వచ్చి మెల్లగా అన్నారు, "ఇప్పుడన్నా ఆ పూసల గొడవ వదిలెయ్యి తల్లీ. నీకింక ఎవురికీ ఏమీ రుజువు సేసే అవసరం లేదు."

గోవిందమ్మ ఎలా విన్నదో, ఇవాళ పుంగనూరు నుంచి మా ఇంటికి వచ్చింది. లోపలికి రాలేదు, గడప మీదే కూర్చుంది. మలారం తేలేదు. చాలాసేపు ఏడ్చింది. నేను ఏడవలేదు. పోయేముందు నా చెయ్యి పట్టుకుంది.

"వచ్చే నెల కుప్పం జాతరకు నువ్వు రావద్దులే. సరుకు నాకియ్యి, నేనమ్మిస్తా. ఎవురు సేసినారని అడిగితే నేనే అంటా. నీ చెయ్యి యాడా కనపడదు. నీ కడుపు గూడా నిండుతాది."

ఆమె మేలు కోరే అంది. ఒకరు పూసలు వదిలెయ్యమన్నారు, ఒకరు చెయ్యి దాచుకోమన్నారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సరే చూద్దాంలే అక్కా, అన్నాను.

ఏప్రిల్ 25

ఈస్టరు. వెనక వరుసలో కూర్చున్నాను. బల్ల దగ్గరికి పిలవలేదు, నేనూ లేవలేదు. పాటలు మాత్రం గొంతెత్తి పాడాను. అది ఎవరూ ఆపలేరు.

మే 6

ఇన్నాళ్ళూ ఇంటి నిండా ఆయన చొక్కాలే, పని ముట్టలేదు. ఇవాళ మళ్ళీ దబ్బనం కాల్చాను.

గోవిందమ్మకు సరుకు పంపలేదు. పంపుదామని రెండుసార్లు మూట కట్టాను. రెండుసార్లూ విప్పేశాను. నేను చేసింది నేను చేశానని చెప్పుకోవడానికి మొగుడు బతికుండాలా? ఆయన ఉన్నప్పుడు నా మెడ చూసి లేడన్నారు. ఇప్పుడు లేడు. మరి నా చెయ్యి ఏం చేసింది?

మే 20, కుప్పం

పలమనేరు మీదుగా రెండు బస్సులు మారి వచ్చాను. దిగగానే, అంగడి వీధి నడిమధ్యన నిలబడి, ఆయన గుచ్చిన దండ మెడలో కట్టుకున్నాను. మెరుపు లేదు, గురివిందలు అడ్డదిడ్డంగా ఉన్నాయి. అలాగే కట్టుకున్నాను. మళ్ళీ వచ్చినప్పుడు వేసుకుంటానన్నాను. ఆ మాట తీరేది ఇలాగైతే ఇలాగే తీరనీ. బొట్టు పెట్టుకోలేదు. బొట్టు ఆయన ఉన్నాడని చెప్పడానికి, ఉన్నన్నాళ్ళు చెప్పాను. పూసలు నావి.

గోవిందమ్మ నన్ను చూసి నోరు తెరిచింది.

"పిచ్చి పట్టిందా నీకు? మొగుడుండంగా బోడి మెడతో వస్తివి. పోయినాక దండేసుకోని వస్తివి. అంతా తలకిందులు మనిషివి."

"ఔనక్కా."

"నా పక్కన కూచ్చుంటే నా బేరం పోతాది తల్లీ. కోపం సేసుకోవద్దు. కొంచిం ఎడంగా కూచ్చో."

కోపం రాలేదు. ఆమె కడుపు ఆమెకుంది. ఎడంగా గుడ్డ పరిచాను.

ఆడవాళ్ళు గుంపుగా వచ్చారు. బొట్టు లేదు, మెడలో దండ ఉంది, నేను ఏమిటో వాళ్ళకు తేలలేదు. ఒకామె మంచి దండ ఏరుకుంది.

"మీ ఆయన రాలేదా?"

"పోయినాడు. నెలాయె."

ఆమె చేతిలోని దండ గుడ్డ మీద పడింది. పక్కనున్న పెద్దామె సర్దబోయింది. "పోనీలే పాపం. నువ్వు ముట్టుకోవాకు. ఆడనే ఉండనీ, మేమే తీసుకుంటాం."

పుంగనూరులో అర్థం కాక కింద పెట్టాను. ఇప్పుడు అర్థమయింది. దండ తీసి రెండు చేతుల్లో పట్టుకున్నాను.

"కింద పెట్టి అమ్మను. నేను సేసింది నా చేత్తోనే కడతాను. ఇష్టముంటే కూచ్చోని మెడ వంచండి. లేకుంటే పోండి."

పోయారు. నోరు చూడు దీనికి అనుకుంటూ పోయారు. ఆ మాట జాతరంతా పాకినట్టుంది, తరువాత ఎవరూ రాలేదు. డప్పులు మోగుతున్నాయి, ఎండ నెత్తికెక్కింది. గోవిందమ్మ అటువైపు తిరిగి గాజులు ఎక్కిస్తోంది, నా వైపు చూడటం లేదు. నా కళ్ళు మండాయి. ఇక్కడ గింజలు తొలచలేదు, పొడి లేదు. ఏడ్చాను. ఈ పుస్తకంలో కూడా పొడి మీద నెపం పెట్టడం ఇక చాలు. అన్నిసార్లూ ఏడ్చాను.

పొద్దు వాలేటప్పుడు ఒకామె నా గుడ్డ ముందు అటూ ఇటూ తిరగడం చూశాను. తల మీదుగా పైట కప్పుకుంది. బొట్టు లేదు, చేతులకు గాజులు లేవు. నాకంటే పెద్ద వయసేమీ కాదు. చివరికి వచ్చి కూర్చుంది. పేరు అంజమ్మట, శాంతిపురం నుంచి వచ్చిందట.

"నా కూతురికమ్మా," అంది, దండ వేలితో తాకుతూ.

"కూతుర్ని పిల్చుకోని రా. నేనే కడతా."

"ఇంట్లో ఉండాది. ఇంత పొడుగుంటే సాలనుకుంటా." దండ తీసి తన మెడకు ఆనించి చూసుకుంది. కొలత అయిపోయింది, దండ మాత్రం దించలేదు. అలా పట్టుకునే చాలాసేపు కూర్చుంది.

"కూతురికి ఎన్నేండ్లు?" అని అడిగాను.

"కూతుర్లేదు," అంది.

ఆమె చూపు నా మెడ మీద ఉంది.

"అది నువ్వు సేసిందేనా? అట్ల మాసినట్లుండాది?"

"మా ఆయన సేసింది. పోకముందు."

"పోయినాక ఏసుకున్యావా?"

"పోయినాకనే ఏసుకున్యాను."

ఆమె చుట్టూ చూసింది. "ఎవురన్నా సూస్తే?"

"సూడనీ. తిరుగు. మెడ వంచు."

తిరిగింది. పైట కొంచెం జార్చి మెడ వంచింది. ఎన్నేళ్ళుగా ఏ దారమూ తగలని మెడ, నా వేలు తగలగానే ఆమె ఒళ్ళు జలదరించింది. ముడి గట్టిగా వేశాను. గోవిందమ్మ ఎవరి చేతికో గాజు సగం ఎక్కించి ఆపేసి చూస్తోంది. దారిన పోయేవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఎవరో ఏదో అన్నారు. అంజమ్మ తల నిటారుగా పెట్టింది, పుంగనూరులో అందరూ పెట్టినట్టే.

లేచి, పైట మెడ నిండా కప్పుకుని, నాలుగడుగులు వేసింది. జనంలో కలిసే ముందు నిలబడి పైట మళ్ళీ సర్దుకుంది. దండ బయటికి కనిపించేలా సర్దుకుంది.

దీపాలు పెట్టకముందే ఇంకొకామె వచ్చింది, ఆమెదీ బోడి నుదురే. ధర అడగలేదు, ఎవరికని నేనూ అడగలేదు. వచ్చి నాకు వీపు తిప్పి కూర్చుని మెడ వంచింది.